కాన్పు బొమ్మలాట కాదు, ఒప్పుకుంటాను. మరి సాధన ఎక్కడ చేయాలి?



పోయిన కమిటీ సమావేశంలో నేనొక మాట అన్నాను, అది నవ్వుల్లో పోయింది. నర్సింగు చదివే మన ఆడపిల్లలకు కంప్యూటర్ తెర మీద ఒక కాన్పు గదిని ఏర్పాటు చేసి, అందులో సాధన చేయిద్దామన్నాను. ఒక పెద్దాయన "కాన్పంటే బొమ్మలాటా నాయనా?" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత ఉగాది సభకు స్వాగత తోరణం ఎంత ఎత్తు పెట్టాలన్నది ముప్పావు గంట నడిచింది. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. అందుకే ఈ పొడుగు ఉత్తరం.

పెద్దాయనగారూ, బొమ్మలాట కాదు, నిజమే. మరి నిజం గదిలో ఏం జరుగుతోందో వినండి. మా అక్క కూతురు ఈ ఊళ్ళోనే నర్సింగు చదివింది. ఒక తల్లి నొప్పులు పడుతుంటే మంచం చుట్టూ పన్నెండు మంది విద్యార్థినులు. ఈ పిల్లకు కనిపించింది ముందు నిలబడ్డ స్నేహితురాలి భుజం. కేస్ బుక్‌లో మాత్రం కాన్పు చేయించినట్టు లెక్క పడింది. ఆ కాలేజీ పేరు చెప్పను, ఆ ఒక్క కాలేజీలోనే ఇలా అని నేననుకోను. ఉద్యోగంలో చేరాక మొదటి రాత్రి డ్యూటీలో, నొప్పులతో కేక పెట్టిన ఒకామెను "అరవొద్దు" అని గదిమిందట. నాకు చెప్తూ ఏడ్చింది. "మామా, ఏం మాట్లాడాలో నాకెవరూ నేర్పలేదు" అంది.

ఆ మాటే నన్ను ఈ దారిన వెతికించింది. న్యూజిలాండ్‌లో ఒటాగో పాలిటెక్నిక్ వాళ్ళు 2009 ప్రాంతంలోనే ఈ పని చేశారు. సెకండ్ లైఫ్ అని, లిండెన్ ల్యాబ్ 2003లో తెరిచిన ఒక కంప్యూటర్ లోకం ఉంది. అందులో మనకు బదులు ఒక బొమ్మ నడుస్తుంది, మన గొంతుతో మాట్లాడుతుంది. మిడ్‌వైఫరీ విద్యార్థినుల కోసం వాళ్ళు అందులో ఒక కాన్పు కేంద్రం కట్టారు. ఒకరు గర్భిణి, ఒకరు మంత్రసాని. ఎక్కడెక్కడి ఊళ్ళలోనో ఉన్న పిల్లలు ఒకే గదిలో కలిసి, నొప్పులు మొదలైన తల్లితో ఫోన్లో ఏం మాట్లాడాలి, లోపలికి రాగానే ఏం అడగాలి అని సాధన చేశారు.

చేతి పని తెర నేర్పదు. బిడ్డ తల వచ్చేటప్పుడు చెయ్యి ఎంత ఆనించాలో, మాయ ఎలా బయటికి రావాలో అనుభవమున్న మనిషి పక్కన నిలబడి నేర్పాల్సిందే. ఇందులో నాకు వాదం లేదు. కానీ కాన్పయ్యాక రక్తం ఆగలేదనుకోండి. అర లీటరు దాటిపోతోంది. ఎవరు డాక్టరును కేకేయాలి, ఎవరు పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి గర్భసంచిని మర్దన చేయాలి, ఆక్సిటోసిన్ ఎవరు అందుకోవాలి, గుమ్మం దగ్గర నిలబడ్డ అత్తగారికి ఏం చెప్పాలి? ఇదంతా మాటతో, వరసతో, నలుగురి పొందికతో జరిగే పని. దీన్ని మొదటిసారి నిజం తల్లి మీదే నేర్చుకోమనడం ఏం న్యాయం? 1945లో కోయంబత్తూరులో పాలిటెక్నిక్ పెట్టించిన జి.డి. నాయుడుగారి ఫొటోకు ఏటా దండ వేస్తాం. చేసి నేర్చుకునే చదువే చదువని ఆయన పోట్లాడిన సంగతి దండతో పాటే వాడిపోయింది.

తమిళనాడులో కాన్పులు దాదాపు అన్నీ ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి, గొప్ప సంగతే. ఇక కోతల లెక్క చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సిజేరియన్లు దేశమంతటా నూటికి 21.5. మన రాష్ట్రంలో 44.9, తెలంగాణలో 60.7. అవసరమైన సిజేరియన్ ప్రాణం కాపాడుతుంది, దాన్ని నేను తిట్టడం లేదు. జనాభా మొత్తం మీద నూటికి పది దాటాక మరణాలు ఇంకా తగ్గినట్టు కనిపించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఫెర్నాండెజ్ ఆస్పత్రి, యూనిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. నొప్పులు పడేంతసేపూ పక్కన కూర్చుని ధైర్యం చెప్పే మనిషి కావాలని వాళ్ళకు అర్థమైంది. మనకెప్పుడవుతుంది?

"పాతకాలంలో మంత్రసాని అవ్వ ఉండేది" అని మన గ్రూపులో తరచూ రాస్తుంటారు. ఆ అవ్వ ఏ దారిన లోపలికి వచ్చేదో కూడా రాయండి. ఎక్కువగా మంగలి ఇళ్ళ ఆడవాళ్ళే ఆ పని చేసేవాళ్ళు. మన ఇళ్ళల్లో వాళ్ళకు పెరటి గుమ్మం, చేటలో నాలుగు గింజలు, అంతే. ఆమెకు తెలిసింది ఎవరూ అడగలేదు, రాసుకోలేదు.

ఇక భాష. మదురై చుట్టుపక్కల, అరుప్పుకోట్టై, కోవిల్‌పట్టి వైపు మన ఇళ్ళల్లో తెలుగు నోట ఉంది, చేతిలో లేదు. అక్షరాలు రాని వాళ్ళే ఎక్కువ. నొప్పుల్లో ఉన్నామె నోట వచ్చేది ఇంటి భాష. "ముక్కమ్మా" అంటే తమిళంలోనూ మనలోనూ ఒకటే అర్థం కాబట్టి ఆ ఒక్కటీ గట్టెక్కుతుంది. "నడుము లాగేస్తోంది", "నీళ్ళు పోయాయి" అంటే పక్కనున్న నర్సుకు అందాలిగా? అందుకే సంభాషణలు మన అవ్వల గొంతులతో రికార్డు చేద్దామంటున్నాను. తెర గదిలో వినడమే, చదవక్కర్లేదు.

మా కుర్రవాళ్ళకూ ఒక మాట. తల మీద పెట్టుకునే కళ్ళజోడు పెట్టెలు కొందామని అప్పుడే ధరలు పంపుతున్నారు. వద్దు. అలాంటివి రెండేళ్ళకు పాతబడి బీరువాలో పడతాయి. సెకండ్ లైఫ్‌లో స్థలానికి కూడా నెలనెలా డబ్బు కట్టాలి, మానేస్తే కట్టిన గది పోతుంది. ముందు ఉన్న కంప్యూటర్లతో, ఫోన్లతో మొదలుపెడదాం. సంభాషణలు మన దగ్గర ఉంటే రేపు ఏ లోకంలోనైనా వాడుకోవచ్చు. వాటిని అనుభవమున్న నర్సు ఒకరు సరిచూడాలి, అది మాత్రం తప్పదు.

మే 5 అంతర్జాతీయ మిడ్‌వైఫ్ దినం. 2009 నుంచి ఆ రోజున ఇంటర్నెట్‌లో ప్రపంచమంతటి మంత్రసానులు ఇరవై నాలుగు గంటలు, గంటకొకరు చొప్పున మాట్లాడుకుంటున్నారు. రుసుము లేదు. ఎక్కువ ఇంగ్లీషే. మన పిల్లలు పదిమంది కలిసి కూర్చుని వింటే, ఒకరికి అర్థం కానిది ఇంకొకరు చెబుతారు.

తోరణం రెండడుగులు తగ్గిస్తే నెట్ ఖర్చు వస్తుంది. కల్యాణ మండపం మేడ మీద గది ముహూర్తాలు లేని రోజుల్లో ఖాళీగానే ఉంటుంది. తాళం ఎవరి దగ్గర ఉందో ఈ పోస్టు కింద చెప్పండి, ఆదివారం పొద్దున వచ్చి నేనే ఊడ్చుకుంటాను.