కుర్చీలోని వీరరసము

పురాణవైరాగ్యము, ప్రసూతివైరాగ్యము, శ్మశానవైరాగ్యము అని క్షణికములైన వైరాగ్యములను మన పెద్దలు మూడింటిని లెక్కించిరి. పురాణము విని వచ్చినవాడు ఇంటి గడప దాటగానే సంసారమున పడును. వల్లకాటినుండి మరలినవాడు స్నానము ముగియగానే పొలము వ్యాజ్యమును గూర్చి వకీలుతో మాటలాడును. టెలివిజన్ వచ్చిన తరువాత ఈ వరుసలో చేర్చదగినది మరియొకటి మనకు సంక్రమించినది. దానిని ఉత్సాహమనవలెను. ఒలింపిక్ క్రీడలు జరుగు రోజులలో ఇది ప్రతి యింటను పుట్టును. అవి ముగిసిన పదిదినములలో గిట్టును.

2016 ఆగస్టు 19వ తేదీ సాయంకాలము రియో నగరమున పి.వి. సింధు కరోలినా మారిన్‌తో ఆడిన అంతిమ పోటీని తెలుగునాట చూడనివారు అరుదు. మొదటి గేము 21-19తో సింధుకు దక్కినప్పుడు వీధులు కేకలతో మారుమ్రోగినవి. చివరి గేము 15-21తో చేజారినను రజతము మిగిలినది. ఒలింపిక్ రజతము గెలిచిన తొలి భారతీయ మహిళ మన పిల్ల యను సంతోషము మిగిలినది. మరునాడు అటకలమీది బ్యాటులు క్రిందికి దిగినవి. 2021 ఆగస్టు 7న టోక్యోలో నీరజ్ చోప్రా ఈటెను 87.58 మీటర్లు విసరి స్వర్ణము గెలువగా, వెదురుకర్ర దొరకిన కుర్రవాడెల్ల ఈటెగాడే అయ్యెను. పెద్దలు మాత్రము తక్కువ తినిరా? పొట్ట తడవిచూచుకొని, తెల్లవారి ఐదింటికి లేతుమని ఇల్లాలితో పంతము పలికినవారెందరో! వారము తిరుగకమునుపే స్కిప్పింగు తాడు మేకుకు వ్రేలాడినది. కొన్న బూట్లు బజారు పనికి అక్కరకు వచ్చినవి.

దీనికి ఆరంభశూరత్వమని పేరు పెట్టి నవ్వుకొనుట సులభము. ఆ బిరుదు ఆంధ్రులకు వెనుకటినుండియు ఉన్నదే. కాని నవ్వి ఊరకుండుట న్యాయము కాదని మా తలంపు.

అలంకారశాస్త్రముతో పరిచయము గలవారికి ఇందలి మర్మము తెలియనిది కాదు. వీరరసమునకు స్థాయిభావము ఉత్సాహము. రంగస్థలముపై అర్జునుడు గాండీవమెత్తినప్పుడు సహృదయుని యందు ఆ ఉత్సాహము మేల్కొనును. అయినను అతడు లేచి విల్లు పట్టడు. పట్టవలసిన పనియు లేదు. ఆస్వాదముతోనే ఆ భావము పరిపూర్ణమగును. తెర పడగానే ప్రేక్షకుడు తృప్తుడై ఇల్లు చేరును. టెలివిజన్‌లోని క్రీడయు అట్టి రంగస్థలమే. పరుగువాని ఊపిరి ఎగసినప్పుడు మన గుండె వేగముగా కొట్టుకొనును. అతడు గెలిచినప్పుడు మన చేతులు పైకి లేచును. అంతతో శరీరము తన వంతు శ్రమ తీర్చినట్లే భావించును. చూచినవాడు లేచి పరుగెత్తలేదని నిందించుట, నాటకము చూచినవాడు యుద్ధమునకు పోలేదని నిందించుట వంటిది.

ఇది మన దేశపు విచిత్రము కాదు. 2012 ఒలింపిక్ క్రీడలను తమకు ఇమ్మని 2005లో సింగపూరు సభలో అడిగినప్పుడు లండను వారు చెప్పిన ప్రధానమైన మాట, ఆ క్రీడలను చూచిన యువతరము ఆటలవైపు మరలునని. క్రీడలు దివ్యముగా జరిగినవి. మరుసటి యేడు బ్రిటిష్ ప్రభువుల సభ నియమించిన సంఘము విచారించి, దేశము మొత్తముమీద ఆటలాడువారి సంఖ్య చెప్పుకోదగినంతగా పెరిగినదనుటకు ఆధారము కానరాదని తేల్చినది. మైదానములకు కొదువలేని దేశముననే ఇట్లయినది.

విజేతను చూచి విజేతలైనవారు లేరా యని పాఠకులు అడుగవచ్చును. ఉన్నారు. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ పోటీని గెలుచుటయే తనను బ్యాడ్మింటన్ వైపు ఆకర్షించినదని సింధు చెప్పియున్నది. కాని ఆమె తలిదండ్రులిరువురును వాలీబాల్ క్రీడాకారులు. సికిందరాబాదులో రైల్వేవారి కోర్టు ఆమెకు అందుబాటులో నుండెను. నిప్పురవ్వ పడిన చోట ఎండుగడ్డి ఉండెనన్నమాట. సిడ్నీలో 2000లో కాంస్యము గెలిచి, ఒలింపిక్ పతకమునందిన తొలి భారతీయ మహిళయైన కరణం మల్లీశ్వరికి అక్కయే బరువులెత్తునది. ఆదర్శము ఇంటిలోనే యున్నది. నీరజ్ చోప్రా సంగతి మరియు సరసమైనది. బొద్దుగా నున్న పిల్లవానిని బరువు తగ్గించుటకై ఇంటివారు పానిపట్టు స్టేడియమునకు పంపిరి. అక్కడ ఈటె విసరువారిని చూచి అతడు ఈటె పట్టెను. వారు తెరమీది వీరులు కారు. పది గజముల దూరమున చెమటోడ్చుచున్న మామూలు మనుష్యులు.

ఈ పది గజముల మైదానమే మనకు కరవగుచున్నది. వయోజనులలో చాలినంత శరీరశ్రమ లేనివారెందరని ప్రపంచ ఆరోగ్యసంస్థ పండితులు 2024లో ప్రకటించిన లెక్కలలో, 2022 నాటికి మన దేశమున వారు ఇంచుమించు సగము. 2000లో నూటికి ఇరువదిరెండు మాత్రమే. స్త్రీల స్థితి పురుషులకంటె హీనము: నూటికి ఏబదియేడుగురు. మధుమేహమును, గుండెజబ్బును ఇంటింట చూచుచున్న మనకు ఈ లెక్క యెవరును విప్పి చెప్పనక్కరలేదు. బడికి ఆటస్థలము ఉండి తీరవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టమే చెప్పుచున్నది. ఆ చట్టము ఎనిమిదవ తరగతితో ఆగును. ఆ తరువాత మన పిల్లలు చేరు జూనియరు కళాశాలలు అనేకము అంగళ్ల మీది మేడలలో నడచుచున్నవి. అక్కడ ఆటల పీరియడు కాలపట్టికలో నున్నను గణితమునకు నైవేద్యమగును. ఇన్ని యేండ్లు ఆ వయస్సు పిల్లల ముందు నిలిచి పాఠము చెప్పుచున్నవారికి, పదునేడేండ్లకే వంగిన వెన్నులు కనబడకపోవు.

ఇక ఏబది దాటినవారికి ఒక మాట. తెరమీది దూకుడు చూచి మరునాడే కోర్టులో దూకినచో మడమవెనుక నరము పుటుక్కుమనును. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో వయోజనులకు విధించినది వారమునకు కనీసము నూటయేబది నిమిషముల ఒక మోస్తరు శ్రమ. వేగముగా నడచినను చాలును, పతకముతో పనిలేదు. కాని నడచుట యెక్కడ? కాలిబాటపై బండ్లు నిలిచినవి. పట్టణపు బ్యాడ్మింటన్ కోర్టులకు గంటకింతయని అద్దె. సంధ్యవేళ ఒంటరిగా నడచు ఇల్లాలికి వీధిదీపమే లేదు.

ప్రభుత్వ పాఠశాలలలో ఆటస్థలమున్నవాటి గేట్లకు ఉదయము ఐదునుండి ఏడువరకును, సాయంకాలము బడి వదలిన పిమ్మటను తాళము తీయింపవచ్చును. దీనికి కొత్త స్టేడియములు కట్టనక్కరలేదు. ఒక కావలివాని జీతము, నాలుగు దీపములు, వారమునకు రెండుదినములైనను స్త్రీలకు ప్రత్యేకించిన వేళలు చాలును. ఆ ఖర్చు పురపాలక సంఘములు భరింపలేనిది కాదు. రాబోవు ఒలింపిక్ క్రీడలు 2028లో లాస్ ఏంజిలిసున జరుగును. అప్పుడు టెలివిజన్ ముందునుండి లేచిన పిల్లవాడు, వాని వెనుక వాని తల్లి, చెప్పులు తొడుగుకొని బయలుదేరినచో వీధి చివర గేటు తెరచియుండవలెను గదా!