మంచం కింద కుంపటి

చలికాలం వచ్చిందంటే ఆసుపత్రిలో దగ్గు, ఆయాసంతో వచ్చేవారు పెరుగుతారు. ఇది అందరికీ తెలిసినదే. వారితో పాటు కాలిన గాయాలతో వచ్చే వృద్ధులు కూడా ఉంటారు. వెంట వచ్చినవారు తరచుగా చెప్పే మాట ఒకటే: "ముసలామె చూసుకోలేదండీ." ఈ మాటను మేము ఒప్పుకోలేకపోతున్నాము.

ఆదిలాబాద్, అరకు, లంబసింగి వంటి చోట్ల చలి రాత్రుల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే కిందికి దిగుతుంది. మైదాన ప్రాంతాల్లో అంత చలి లేకపోయినా, వయసు పైబడిన శరీరం వేడిని సరిగా నిలుపుకోలేదు. పలచని దుప్పటిలో వణికే అవ్వ మంచం కింద కుంపటి పెట్టి, తలుపు మూసి మనం నిశ్చింతగా పడుకుంటాము. నిద్రలో ఆమె చీర కొంగు నిప్పుల మీదికి జారుతుంది. నైలాన్, పాలిస్టర్ చీరలైతే కరిగి ఒంటికి అతుక్కుంటాయి కూడా.

చాలాకాలంగా షుగరు వ్యాధి ఉన్నవారిలో, కుష్ఠు వ్యాధి వలన స్పర్శ పోయినవారిలో పాదం కాలుతున్నా నొప్పి తెలియకపోవచ్చు. తెల్లవారి బొబ్బ చూసి ఆశ్చర్యపోతారు. అది మానని పుండుగా మారితే కొందరికి వేలో, కాలో తీసివేయవలసి వస్తుంది.

మంట లేదు, పొగ రావడం లేదు కదా అని కూడా అనుకోకండి. బొగ్గుల నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. మెలకువగా ఉన్నవారికి తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం వస్తాయి. నిద్రలో ఉన్నవారు లేవకుండానే ప్రాణం పోవచ్చు. బాలింత గదిలో కుంపటి పెట్టడమూ ఇంతే ప్రమాదం. పసిబిడ్డకు తల్లి ఒంటి వెచ్చదనం మేలు. బిడ్డను తల్లి గుండెల మీద ఆనించి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పండి.

రగ్గు కొనే స్తోమత అందరికీ ఉండదని మాకు తెలుసు. కానీ పాత చీరలు కలిపి కుట్టిన బొంతకు పెద్ద ఖర్చు లేదు. కింద ఒక బొంత, పైన ఒక బొంత, తలకు మంకీ క్యాపు, కాళ్ళకు మేజోళ్ళు ఉంటే చాలావరకు చలి ఆగుతుంది. చలిమంట వేసుకోక తప్పకపోతే ఆరుబయటే వేయండి. పెద్దవారి పక్కన ఒకరు కూర్చోండి. పడుకునే ముందు నిప్పుల మీద నీళ్ళు పోసి పూర్తిగా ఆర్పండి. స్పర్శ లేనివారి స్నానానికి నీళ్ళ వేడిని ఇంట్లో మరొకరు మోచేతితో చూడాలి.

బట్టలు అంటుకుంటే పరుగెత్తనివ్వకండి. పడుకోబెట్టి, మందపాటి దుప్పటి చుట్టి మంట ఆర్పండి. వెంటనే దుప్పటి తీసి, కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీళ్ళు పోయండి. మిగిలిన ఒంటికి చలి తగలకుండా చూడండి. ఒంటికి అతుక్కున్న గుడ్డను లాగకండి. పేస్టు, ఇంకు, పసుపు, ఐసు వద్దు. కుంపటి ఉన్న గదిలో ఎవరైనా స్పృహ తప్పితే తలుపులు తెరిచి, వెంటనే బయటి గాలిలోకి తీసుకురండి. 108కు ఫోను చేయండి.

క్రిస్మస్‌కు ఇంటిల్లిపాదికీ కొత్త బట్టలు కొంటాము. ఈసారి అవ్వకు, తాతకు ముందుగా ఒక మంచి రగ్గు కొనండి. ఆ తరువాతే మిగిలినవారి బట్టలు చూడండి. రాత్రి పడుకునే ముందు ఒకసారి వెళ్ళి వారి పాదాలు ముట్టుకుని చూడండి. చల్లగా ఉంటే ఇంకొక దుప్పటి కప్పండి. వృద్ధాప్యంలో వారు తమను తాము చూసుకోలేనప్పుడు చూసుకోవలసిన బాధ్యత మనదే.