ఎనిమిదో తరగతి నుంచే చెయ్యి పట్టుకోవాలి
ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కే పిల్లకు లెక్కల కన్నా ముందు కాగితాలే అడ్డం పడతాయి. ఆదాయ ధ్రువపత్రం కోసం కూలి మానుకుని మీసేవ ముందు నిలబడ్డ తల్లిని చూశాను. నెట్ సెంటర్ కుర్రాడు తనకు తోచిన వెబ్ ఆప్షన్లు పెట్టేస్తుంటే బెదురుగా తలూపిన అమ్మాయినీ చూశాను. 2008లో పల్లె పిల్లల కోసం ట్రిపుల్ ఐటీలు పెట్టి, పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల చదువుకు తీసుకోవడం, గ్రేడ్ల రోజుల్లో సర్కారు బడివాళ్లకు 0.4 పాయింట్లు కలపడం ఎంతో మంచి పని. కానీ ఆ సీట్లు కొద్దిమందికే. మిగతావాళ్ల మాటేమిటి? ఏ కోర్సు ఎటు తీసుకెళుతుందో, ఫీజు రీయింబర్స్‌మెంటు ఎలా వస్తుందో చెప్పే మనిషి వాళ్లకు కావాలి. ప్రతి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిది నుంచే వారానికో పీరియడ్ ఇందుకివ్వండి. ఆ ఊళ్లో డిగ్రీ చదివిన పిల్లల్నే పిలిచి మాట్లాడించండి.