వైకల్యం సంభవిస్తే ఉద్యోగం పోవలసిందేనా?

ఎరుపు, ఆకుపచ్చ దీపాల భేదం గుర్తించలేని వ్యక్తి చేతికి బస్సు స్టీరింగు అప్పగించరాదు. ఇందులో వివాదం లేదు. అయితే స్టీరింగుతోపాటు అతని జీవనాధారాన్ని కూడా తీసుకోవచ్చునా? తెలంగాణ రోడ్డు రవాణా సంస్థకు చెందిన ఒక డ్రైవరు విషయమై 2025లో సుప్రీంకోర్టు ఎదుటకు వచ్చిన ప్రశ్న ఇదే. వర్ణాంధత్వం గల డ్రైవర్లకు వేతనం తగ్గకుండా వేరొక పని చూపాలని 1979లోనే యాజమాన్యానికీ, కార్మిక సంఘాలకూ నడుమ ఒప్పందం కుదిరింది. వేరు పనికోసం నిజంగా ప్రయత్నించకుండానే ఉద్యోగిని ఇంటికి పంపడం చెల్లదని న్యాయస్థానం తీర్పు చెప్పి, అదే వేతన శ్రేణిలో తగిన పని ఇవ్వవలసిందని ఆదేశించింది.

ఈ సూత్రం కొత్తది కాదు. విధినిర్వహణలో గాయపడి ఎడమ కాలు పోగొట్టుకున్న ఒక కానిస్టేబులును ఉద్యోగం నుండి తొలగించగా, 2003లో సుప్రీంకోర్టు అతని పక్షాన నిలిచింది. అటువంటి వానికి రక్షణ లేకపోతే అతనితోపాటు అతనిపై ఆధారపడినవారు కూడా కష్టాల పాలవుతారని గుర్తు చేసింది. ఆ తీర్పుకు ఆధారం 1995 నాటి శాసనం.

దాని స్థానంలో వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉన్నది. సర్వీసులో ఉండగా వైకల్యం సంభవించిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించరాదు, హోదా తగ్గించరాదు. పాత పని చేయలేకపోతే అదే వేతనంతో వేరు పని ఇవ్వాలి. ఖాళీ లేకపోతే, దొరికే వరకు లేదా పదవీ విరమణ వరకు అదనపు పోస్టు కల్పించి అయినా కొనసాగించాలి.

ఉద్యోగార్థులకు ప్రభుత్వ పోస్టులలో కనీసం 4 శాతం రిజర్వేషను ఉన్నది. 40 శాతానికి తగ్గని వైకల్యం గలవారు దానికి అర్హులు. అయితే పరీక్షలో లేఖకుని సహాయం వంటి సౌకర్యాన్ని ఈ 40 శాతం కొలతతో నిరాకరించరాదని 2021లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రిజర్వేషను వేరు, అవసరమైన సర్దుబాటు వేరు. మెట్ల పక్కన వాలుదారి, అంధునికి తెరపై అక్షరాలను చదివి వినిపించే కంప్యూటరు, చక్రాల కుర్చీకి అందే ఎత్తులో బల్ల: ఇవి దయాభిక్షలు కావు. యజమానిపై మోయలేని భారం పడనంతవరకు ఇటువంటి మార్పులను నిరాకరించడం కూడా వివక్షేనని చట్టం చెబుతున్నది.

ప్రైవేటు రంగంలో రక్షణ ఇంత గట్టిగా లేదు. అక్కడ రిజర్వేషను తప్పనిసరి కాదు. తొలగింపును నిషేధించే పై నిబంధన ప్రభుత్వ సంస్థలకే పరిమితం. అయినా ప్రతి సంస్థా సమానావకాశ విధానాన్ని ప్రకటించి తీరాలి. 20 మంది లేక అంతకు మించి ఉద్యోగులున్న చోట వికలాంగులకు తగిన ఉద్యోగాలు, ఎంపిక పద్ధతి, శిక్షణ, ప్రత్యేక సెలవులు, సహాయక పరికరాల వివరాలు అందులో ఉండాలి. చట్టాన్ని తొలిసారి ఉల్లంఘిస్తే 10,000 రూపాయల వరకు జరిమానా. తిరిగి ఉల్లంఘిస్తే అది 50,000 నుండి 5 లక్షల రూపాయల వరకు ఉండవచ్చును.

అన్యాయం జరిగినప్పుడు రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయవచ్చును. కమిషనరు సిఫారసుపై తీసుకున్న చర్యను సంబంధిత అధికారి మూడు నెలల్లో తెలియజేయాలి. కనుక వేరు పని కోరుతూ దరఖాస్తును రాతపూర్వకంగా ఇచ్చి, దాని నకలునూ, వైద్య ధ్రువపత్రాన్నీ, తొలగింపు ఉత్తరువునూ భద్రపరచుకోవడం అవసరం. వేరు పనికోసం యజమాని వెదికాడా లేదా అన్న ప్రశ్నకు రేపు ఆ కాగితాలే సాక్ష్యం.