శతాయువు యోగ్యతాపత్రమా?

చచ్చినవాని కండ్లు చేరెడని మనవారి సామెత. చచ్చినవారు నూరేండ్లు దాటి బ్రతికినవారైనచో ఆ కండ్లు చేరెడుతో ఆగవు, చేటలంత యగును. హాలివుడ్డు నటీమణి ఒలీవియా డి హావిలాండ్ 2020వ సంవత్సరము జూలై 26వ తేదీన, 104 యేండ్లు నిండిన పిమ్మట, పారిస్ నగరమున మరణించినప్పుడు జరిగినది ఇదియే. ఆమె పేరుకంటె ముందుగా మెలనీ పేరు పలువురి నోట వచ్చినది. మెలనీ యనగా 1939లో వెలువడిన 'గాన్ విత్ ది విండ్' అను చిత్రమున ఆమె ధరించిన పాత్ర. మెత్తని మాట, వంచిన తల, ఎవ్వరు కీడు చేసినను క్షమించు గుణము: ఇదియే ఆ పాత్ర. ఎనుబదియేండ్లకు పూర్వము కట్టిన వేషమును తెచ్చి, శవముపై మరల కప్పి సాగనంపిరి.

ఈ వేషము వలన ఇద్దరు స్త్రీలకు అన్యాయము జరుగుచున్నదని నా వాదము. ఒకతె ఒలీవియాయే, రెండవ యామె హాటీ మెక్‌డానియెల్. మొదటి యామె చేసిన నిజమైన ఘనకార్యము మరుగుపడినది. రెండవ యామెకు జరిగిన అవమానము మెత్తని మాటల చాటున దాగినది. ఆయువు పెరిగినకొలది పొగడ్త పెరుగుచుండ, విచారణ తరుగుచుండ, చూచి యూరకుండుట చదువుకొన్నవారికి తగదు.

మన యిండ్లలో 'సాధువు' అను మాటను ఆవునకును కోడలికిని ఒకే యర్థమున వాడుదురు. పొడవదు, తన్నదు, పిదికినంత పాలిచ్చును. కాని సంస్కృతమున ఆ శబ్దమునకు మూలమైన ధాతువునకు సాధించుట యని యర్థము. కాలక్రమమున సాధించునది సాధ్వి యను మాట పోయి, సహించునది సాధ్వి యను వాడుక నిలిచినది. ఒలీవియా విషయమున లోకము చేసిన పొరపాటును ఇట్టిదే. ఆమె సాధించినది, ఆమెను సహించినదానిగా పూజించుచున్నారు.

ఆమె సాధించినదేమో వినుడు. 1916 జూలై 1వ తేదీన టోక్యో నగరమున ఆంగ్ల దంపతులకు జన్మించి, కాలిఫోర్నియాలో పెరిగిన ఈమె 18 యేండ్ల ప్రాయమున వార్నర్ బ్రదర్స్ చిత్రసంస్థలో కుదిరెను. 1936లో వారితో ఏడేండ్ల యొడంబడిక జరిగెను. ఆ కాలపు ఒడంబడికల తీరు ఎరిగినగాని ఈమె సాహసము బోధపడదు. పాత్రను ఎంచుకొను హక్కు నటికి లేదు. ఇచ్చిన పాత్రను వలదన్నచో జీతము ఆపుదురు. ఆపిన దినములను లెక్కించి ఒడంబడిక చివర అతికింతురు. వేరొక సంస్థ అడిగినచో అద్దెకిత్తురు. అద్దె లాభము యజమానులదే. జ్వరము వచ్చి పడుకొన్న దినములను గూడ బాకీ పద్దున వ్రాసికొను కామందును ఎరిగినవారికి ఈ యేర్పాటు క్రొత్తగా తోచదు. జీతము ఘనమైనంతమాత్రమున గొలుసు గొలుసు కాకపోదు. ఆ సంస్థలోనే పనిచేసిన బెట్ డేవిస్ అను మహానటి 1936లో ఎదిరించి ఇంగ్లండు న్యాయస్థానమున ఓడిపోయియుండెను. ఆ యోటమి చూచిన తరువాత తలయెత్తువారు ఎందరుందురు?

1943లో ఒలీవియా ఏడేండ్లు నిండినవి. నిండలేదని యజమానులనిరి. నీవు పాత్రలను నిరాకరించిన కాలము ఇంక తీరవలెననిరి. కాలిఫోర్నియా కార్మిక శాసనమున 2855వ సెక్షను కలదు. ఏడు సంవత్సరములకు మించి ఎవ్వరిని వ్యక్తిగత సేవకు బలవంతపెట్టరాదని దాని సారాంశము. ఆమె దానిని పట్టుకొని న్యాయస్థానమున కెక్కెను. వివాదమంతయు 'సంవత్సరము' అను ఒక్క మాటకు అర్థమేమనుటయందే యున్నది. మన సిద్ధాంతులు సౌరమానము, చాంద్రమానము అని పోరాడుదురు. వార్నరు వారు పనిమానమని మూడవదానిని కనిపెట్టిరి! పనిచేసిన దినములే సంవత్సరమున చేరునట, చేయని దినములు చేరవట. క్రింది న్యాయస్థానము 1944లో ఈ పనిమానమును త్రోసివేసెను. అదే యేడు డిసెంబరులో పై న్యాయస్థానమును సంవత్సరమనగా పంచాంగములోని సంవత్సరమేయని తీర్పు చెప్పెను. ఈలోపల జాక్ వార్నర్ ఇతర చిత్రసంస్థలకు లేఖలు వ్రాసి ఆమెకు పని దొరకకుండ చేసెను. దాదాపు రెండేండ్లు ఆమె కెమేరా ముందు నిలువలేదు. సినిమా నటికి యౌవనమున రెండేండ్లనగా ఏమో వేరుగ చెప్ప నక్కరలేదు.

ఆ తీర్పు నేటికిని 'డి హావిలాండ్ లా' అను పేర వ్యవహరింపబడుచున్నది. తరువాతి నటీనటులు యజమానులతో సమానముగ కూర్చుండి బేరమాడగల్గిరనిన దానికి ఇదియొక పునాది. గానముద్రణ సంస్థలు 1987లో శాసనసభను ఆశ్రయించి గాయకుల విషయమున ఆ రక్షణకు గండి కొట్టించుకొనుటయే దాని బలమునకు సాక్ష్యము. పనికిరాని గోడకు ఎవ్వడును కన్నము వేయడు.

స్వేచ్ఛ వచ్చిన పిమ్మట ఆమె ఎంచుకొన్న పాత్రలను చూడుడు. 1948లో 'ది స్నేక్ పిట్' అను చిత్రమున మతి చెడిన స్త్రీగ నటించి, పిచ్చాసుపత్రులలోని దుస్థితిని జనుల యెదుట పెట్టెను. అందులకై ఆసుపత్రులకు స్వయముగ పోయి రోగులను చూచివచ్చెను. 1949లో 'ది ఎయిరెస్' చిత్రమున తండ్రిచే తెలివిలేనిదని ఈసడింపబడి, ధనాశగల ప్రియునిచే వంచింపబడిన కాథరీన్‌గ నటించెను. ఆ ప్రియుడు ఏండ్ల తరువాత మరల వచ్చి తలుపు బాదును. ఆమె గడియ వేయించి, దీపము చేతబట్టుకొని, మెట్లెక్కి పోవును. క్షమింపదు. దీనికి ఆమెకు ఆస్కారు బహుమానము లభించినది. అంతకుముందే 'టు ఈచ్ హిజ్ ఓన్' చిత్రమునకు ఒకటి లభించియుండెను. మెలనీకి రాలేదు. అయినను లోకమునకు మెలనీయే కావలెను, మెట్లెక్కిన కాథరీన్ అక్కరలేదు. ఎందుకో మన యింటి పెద్దలను అడిగినచో తెలియును.

ఇంతవరకు జమ. ఇక ఖర్చు పద్దు.

1936లో ఆమె నటించిన 'ది ఛార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్' అను చిత్రమును మనవారు తప్పక చూడవలెను, కోపము వచ్చుటకైనను. అందు సూరత్ ఖాన్ అను ఉత్తర హిందూస్థానపు ప్రభువు ఒకడు కల్పింపబడెను. వాడు చుకోటి యను కోటలో ఆంగ్ల స్త్రీలను, శిశువులను వధించును. ఆ పగ తీర్చుకొనుటకై ఆంగ్లాశ్వికులు క్రిమియాలో బాలక్లావా వద్ద శతఘ్నులపైకి దుముకుదురు. బాలక్లావా యుద్ధము 1854లో జరిగినది. చుకోటికి మూలముగ కల్పనకు పనికివచ్చిన కాన్పూరు ముట్టడి 1857నాటిది. మూడేండ్ల తరువాతి పగకు మూడేండ్ల ముందే ప్రతీకారము! నా తరగతిలో ఇట్లు వ్రాసిన పిల్లవానికి సున్న వేసెడివాడను. చిత్రీకరణలో గుర్రముల కాళ్ళకు అడ్డముగ తీగలు పన్ని పడగొట్టుట చేత పెక్కు గుర్రములు చచ్చినవి. వాటికై అమెరికాలో గోల పుట్టినది. మన జాతిని హంతకజాతిగ చూపినందులకు అంత గోల పుట్టలేదు. 1940లో 'శాంటా ఫే ట్రెయిల్' అను చిత్రమునను ఈమెయే నాయిక. బానిసత్వమును తెగనాడి 1859లో ఉరికంబమెక్కిన జాన్ బ్రౌన్ అందు వెర్రివాడుగ కనబడును.

ఆమె పాత్రలను వలదనిన మాట నిజమే. అవి నీరసములని, తన ప్రతిభకు చాలవని వలదన్నది. అవి ఎవ్వరినైన నొప్పించునేమోయని వలదన్నట్లు కానరాదు. మెలనీ పాత్రయన్ననో, జాక్ వార్నర్ ఒప్పుకొనకున్నను అతని భార్య నాశ్రయించి సంపాదించుకొనెను. ఆ చిత్రమున బానిసలు యజమానులయెడ భక్తితో పొంగిపోవుచుందురు, కొరడా కనబడదు, బిడ్డను తల్లినుండి వేరుచేసి అమ్మిన సంత కనబడదు. ఆ సంతలు నిజముగ నుండినవి. హాటీ తండ్రియు తల్లియు బానిసలుగ పుట్టినవారే. ఆమె తండ్రి బానిసత్వమునకు ఎదురుగ పోరిన ఉత్తర సేనలో సైనికుడు. అట్టివాని కూతురు ఆ చిత్రమున దక్షిణాది యజమానురాలికి దాదియై నవ్వవలసివచ్చెను.

అది కాలధర్మము, నాటివారికి నేటి కన్ను లేదు, అని సమాధానము చెప్పువారు గలరు. ఈ మాట వినుటకు ఉదారముగ నుండును గాని అబద్ధము. నాటివారనగా తెల్లవారేనా? నాడే నల్లవారి పత్రికలు ఆ చిత్రమును ఖండించినవి. కార్ల్‌టన్ మాస్ అను నల్లజాతి రచయిత 1940లో నిర్మాత సెల్జ్నిక్‌కు బహిరంగ లేఖ వ్రాసెను. కన్ను ఉన్నది, ఆ కన్ను గలవారికి ఓటు లేదు, బల్ల వద్ద చోటు లేదు. మన దేశమున అంటరానితనమును గూర్చియు 'ఆ కాలమున అందరును అట్లే తలచిరి' అని చెప్పు పెద్దలు కలరు. ఆ 'అందరు'లో అంటబడనివారిని లెక్కింపలేదని వారికి తోచదు.

1939 డిసెంబరు 15వ తేదీన అట్లాంటా నగరమున ఆ చిత్రము తొలిసారి ప్రదర్శింపబడినప్పుడు ఒలీవియా వెళ్ళెను. హాటీ వెళ్ళలేదు, జార్జియా రాష్ట్రపు వర్ణభేద శాసనములు ఆమెను తెల్లవారి సరసన కూర్చుండనీయవు. దానికి ముందునాటి రాత్రి విందులో నల్లపిల్లలకు బానిసల వేషము కట్టించి పాడించిరి. ఆ పిల్లలలో పదేండ్ల మార్టిన్ లూథర్ కింగ్ ఒకడు. 1940 ఫిబ్రవరి 29న లాస్ ఏంజెలిస్‌లో ఆస్కారు విందు జరిగెను. సహాయనటి బహుమానమునకు ఒలీవియాయు హాటీయు ఇద్దరును పోటీలో నుండిరి. హాటీ గెలిచెను, ఆ బహుమానమందిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమెయే. కాని తన చిత్రబృందముతో గాక, గోడవార వేరొక చిన్నబల్ల వద్ద కూర్చుండి, అచటినుండి లేచివచ్చి అందుకొనెను. నల్లవారిని రానీయని ఆ హోటలువారు ఆమెను లోనికి రానిచ్చుటయే పెద్ద దయ! ఓడినందుకు ఒలీవియా కన్నీరు పెట్టుకొనెననియు, కొన్నాళ్ళకు మనసు కుదుటపడి హాటీ గెలుపే తగినదని తలచెననియు తరువాత తానే చెప్పుకొనెను. ఆ నిజాయితీని కాదనను. కాని ఆ రెండు బల్లల మధ్య దూరము ఆ కన్నీటి కథలో కానరాదు.

డి హావిలాండ్ తీర్పు ఎవరికి ఉపయోగించెనో కూడ ఇచట యోచింపవలెను. ఒడంబడికనుండి విడివడి ఒలీవియా మేలైన పాత్రలకు పోగలిగెను. హాటీ విడివడినచో ఎక్కడికి పోవును? ఏ చిత్రశాలకు పోయినను అదే వంటయిల్లు, అదే తలగుడ్డ. ఎంచుకొను హక్కు కలిగినను ఎంచుకొనుటకేమియు లేనివారికి న్యాయస్థానపు తీర్పు తలుపు తెరచునుగాని, తలుపు కవతల గది నుండవలెను గదా.

వార్ధక్యమున ఒలీవియా మరియొకసారి న్యాయస్థానమున కెక్కెను. 2017లో 'ఫ్యూడ్' అను ధారావాహికమున తన పాత్రను తన యనుమతి లేకయే ప్రవేశపెట్టి, తాననని మాటలనిపించి, చెల్లెలిని తిట్టినట్లు చూపిరని, తన 101వ పుట్టినరోజునకు ఒక దినము ముందు దావా వేసెను. చెల్లెలు జోన్ ఫాంటేన్‌తో ఈమెకు గల వైరమును గూర్చి పత్రికలు ఖర్చుచేసిన సిరాలో పదవవంతు 2855వ సెక్షనుకు ఖర్చుచేసియున్నచో లోకమునకు మేలు జరిగెడిది; కావున ఆమె కోపము నాకు బోధపడును. కాని దావా తప్పు. 1943లో నా శ్రమ నాదనెను, అది న్యాయము. 2017లో నా కథయు నాదేయనెను, అది చెల్లదు. 2018 మార్చిలో కాలిఫోర్నియా పై న్యాయస్థానము దావాను కొట్టివేసెను; 2019 జనవరిలో అమెరికా అత్యున్నత న్యాయస్థానము విచారించుటకు నిరాకరించెను. ఆమె గెలిచియున్నచో బ్రతికియున్న పెద్దమనుష్యుని గూర్చి అతని సెలవు లేక వ్రాయుట కష్టమయ్యెడిది. వీరేశలింగము పంతులుగారు వివేకవర్ధనిలో లంచగొండుల గుట్టు బయటపెట్టినప్పుడు వారి సెలవు పుచ్చుకొనిరా?

చిత్రమును తగులబెట్టుమనువారి పక్షమునను నేను లేను. 2020 జూన్‌లో హెచ్‌బీఓ మాక్స్ సంస్థ దానిని కొన్నిదినములు తొలగించి, జాక్విలీన్ స్టూవర్ట్ అను నల్లజాతి విదుషి చేత పీఠిక చెప్పించి మరల చూపెను. అది తగిన పని. ఇంటిలో పిల్లలతో కూర్చుండి చూచువారు ఆ పీఠికను దాటవేయకుండుట మంచిది. తరువాత 'ది ఎయిరెస్'ను గూడ చూపుడు, ముఖ్యముగ ఆడపిల్లలకు.

ఒలీవియాకు 2010లో ఫ్రాన్సు దేశపు లీజియన్ ఆఫ్ ఆనర్ బిరుదమును, 2017లో బ్రిటిషువారి డేమ్ బిరుదమును వచ్చినవి. హాటీ 1952లో మరణించెను. హాలివుడ్డు శ్మశానమున పాతిపెట్టుడని కోరినను, నల్లవారికి చోటులేదని అచటివారు ఒప్పుకొనలేదు. 1999లో మాత్రము అక్కడ ఒక స్మారకశిల నిలిపిరి. ఆమె తన బహుమాన ఫలకమును హోవార్డ్ విశ్వవిద్యాలయమునకు వ్రాసియిచ్చెను. అది అక్కడ పోయినది. దానికి బదులుగ క్రొత్త ఫలకమును ఆ విశ్వవిద్యాలయమునకు ఇచ్చినది 2023లో. అప్పటికి ఆ చిత్రపు ప్రధాన నటీనటులలో ఒక్కరును బ్రతికి లేరు.