ఆడ్రీ నల్ల గౌను, మన బీరువా

పాత హాలీవుడ్ సినిమా పెట్టుకుంటే నా చూపు కథ కన్నా ముందు బట్టల మీదకే పోతుంది. అరవై, డెబ్బై ఏళ్ళ కిందటి గౌన్లు అవి. ఈ రోజు ఎవరైనా అలాంటిది వేసుకుని వస్తే "ఎక్కడ కొన్నారండీ?" అని అడుగుతాం. అదే మన పెళ్ళి ఆల్బమ్ తీస్తే పదేళ్ళకే నవ్వొస్తుంది! మరి వాళ్ళ బట్టలు ఎందుకు పాతబడలేదు?

మొదటి కారణం నలుపు తెలుపు ఫిల్మే. తెర మీద రంగు కనిపించదు కాబట్టి డిజైనర్లు ఎక్కువగా గుడ్డ మెరుపునీ, కత్తిరింపునీ నమ్ముకున్నారు. 1933లో వచ్చిన 'డిన్నర్ ఎట్ ఎయిట్'లో జీన్ హార్లో వేసుకున్న తెల్ల శాటిన్ గౌను చూడండి. ఏడ్రియన్ రూపొందించిన ఆ గౌను ఒంటి మీద నీళ్ళు జారినట్టు ఉంటుంది. సైన్సు చదివిన బుర్ర ఊరుకోదుగా, ఎలా అని ఆలోచిస్తే జవాబు నేతలోనే ఉంది. పడుగు వెంటగానీ పేక వెంటగానీ లాగితే గుడ్డ అంతగా సాగదు. 45 డిగ్రీల కోణంలో లాగితే సాగుతుంది, ఒంటి వంపుని పట్టుకుంటుంది. 1920ల్లో పారిస్‌లో మడలీన్ వియోనే ఈ పద్ధతికి పేరు తెచ్చింది. మన ఊళ్ళో టైలర్ "క్రాస్ కట్ జాకెట్ కుట్టమంటారా?" అని అడిగేది ఈ సూత్రం గురించే.

రెండో కారణం, ఆ బట్టలు ఒక మనిషి కోసమే కుట్టినవి. ఎనిమిది ఆస్కార్లు గెలిచిన ఈడిత్ హెడ్, నటి ఒంట్లో ఏది చూపించాలో ఏది కప్పాలో చూసుకుని గీసేది. పారిస్ డిజైనర్ జివాన్షీ కూడా అంతే. 1954 నాటి 'సబ్రీనా'లో ఆడ్రీ హెప్‌బర్న్‌కి ఆయన ఇచ్చిన నల్ల గౌనుకి మెడ అడ్డంగా, భుజం నుంచి భుజం దాకా ఉంటుంది. దాంతో ఆమె గొంతు కింద ఎముకలు కనిపించలేదు. ఆ మెడకి సినిమా పేరే స్థిరపడిపోయింది.

ఇక్కడ కాస్త ఆగుదాం. మా అమ్మాయికి పదకొండేళ్ళు. ఆ మధ్య ఆడ్రీ ఫొటో చూసి, "నేనెప్పుడు ఇంత సన్నగా అవుతానమ్మా?" అంది. నాకు గుండె ఝల్లుమంది. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఆక్రమించిన నెదర్లాండ్స్‌లో పెరిగింది ఆడ్రీ. 1944-45 చలికాలంలో అక్కడ తీవ్రమైన కరువు. పదిహేనేళ్ళ వయసులో సరైన తిండి లేక చిక్కిపోయింది. మనం మురిసిపోయే ఆ సన్నదనం వెనక ఆకలి కూడా ఉంది తల్లీ, అన్నాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే గౌను బాగుంది అనొచ్చా?" అంది. నిక్షేపంగా అనొచ్చు! ఆ గౌను ఆమె ఒంటికి కుట్టింది, నీ ఒంటికి నీ కొలతలతో కుట్టాలి అన్నాను.

ఆడపిల్లలున్న ఇళ్ళలో ఈ మాట స్పష్టంగా చెప్పాలనిపిస్తుంది. స్టార్ల నుంచి నేర్చుకోవలసింది గుడ్డకీ ఒంటికీ కుదిరే సంబంధం. నడుము కొలత వాళ్ళది వాళ్ళకే ఉండనిద్దాం.

ఇంకొకటి కూడా నేర్చుకోవచ్చు. గ్రేస్ కెల్లీ 1955లో ఉత్తమ నటి ఆస్కార్ అందుకున్నప్పుడు వేసుకున్న లేత నీలం శాటిన్ గౌను కొత్తది కాదు. ఈడిత్ హెడ్ రూపొందించిన ఆ గౌనునే అంతకుముందు 'ది కంట్రీ గర్ల్' సినిమా తొలి ప్రదర్శనకీ వేసుకుంది. లైఫ్ పత్రిక ముఖచిత్రం మీదా అదే. మరి మనమో? ఒక్క పుట్టినరోజు ఫంక్షన్ ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పడితే చాలు, ఆ చీర ఇక ఆ ఊళ్ళో పనికిరాదు! ఆస్కార్ వేదికకి లేని మొహమాటం మన కమ్యూనిటీ హాలుకి ఎందుకొచ్చిందో.

బాగా కుట్టిన బట్ట ఎన్నాళ్ళు బతుకుతుందో చూడండి. 1961 నాటి 'బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్' కోసం జివాన్షీ చేసిన నల్ల గౌనుల్లో ఒకటి 2006లో లండన్ క్రిస్టీస్ వేలంలో 4 లక్షల 67 వేల పౌండ్లకి అమ్ముడుపోయింది. దాన్ని జివాన్షీ రచయిత డొమినిక్ లాపియేర్‌కి ఇచ్చాడు. ఆ డబ్బు కలకత్తా ప్రాంతపు పేదల కోసం పనిచేసే ఆయన సేవాసంస్థకి చేరింది. ఆకలి తెలిసిన అమ్మాయి పేరు మీద ఉన్న గౌను అలా మన దేశంలో పేదలకి ఉపయోగపడింది.

మనకి జివాన్షీ అక్కర్లేదు. ఈ వారం బీరువాలోంచి మీకు బాగా ఇష్టమైన చీరలు మూడు తీయండి. జాకెట్లు ఇప్పటి మీ కొలతకి సరిపోతున్నాయా? లేకపోతే లోపల వదిలిన కుట్టు విప్పి సరిచేసుకోండి, లేదా ఇండియా వెళ్ళినప్పుడు కొత్తవి కుట్టించుకోండి. తర్వాత వాటినే మళ్ళీ మళ్ళీ కట్టండి. "పోయినసారి కూడా ఇదే కట్టారుగా" అని ఎవరైనా అంటే, "గ్రేస్ కెల్లీ కూడా అంతేనండీ" అని చెప్పండి.