నల్ల ట్రంకు పెట్టె

ఆదోని రైల్వే స్టేషన్లో కాసేపు కూర్చుంటే, సామాన్ను బట్టి మనుషుల్ని పోల్చుకోవచ్చు. పత్తి బేరగాడి చేతిలో చిన్న సంచి. సుగ్గికి, అంటే కూలి వలసకి, బయల్దేరిన కుటుంబం చుట్టూ మూటలు, మూటల మీద సత్తు గిన్నెలు, వాటి పక్కనే నిద్రపోతున్న పసిబిడ్డ. ఎప్పుడైనా ఒకసారి, ఢిల్లీ పోయే కర్ణాటక ఎక్స్‌ప్రెస్ వేళకి, నల్లటి ఇనప ట్రంకు పెట్టె ఒకటి కనిపిస్తుంది. మూత మీద తెల్ల రంగుతో పేరు, నంబరు. పక్కన నిటారుగా ఓ కుర్రాడు. వాడి ముఖంలోకి చూడలేక పెట్టె తాళాన్నే మళ్లీ మళ్లీ సరిచూస్తూ వాళ్లమ్మ.

ఊరు విడిచిపోవడం ఈ పడమటి ప్రాంతానికి కొత్త కాదు. 1871లో బొంబాయి, మద్రాసు రైలు మార్గాలు రాయచూరు దగ్గర కలిశాయి. అప్పటి నుంచి ఈ పట్టాల మీద ఎంతమంది పోయారో! వాన ముఖం చాటేసిన ఏడు కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పల్లెల్లో తలుపులకు తాళాలు పడతాయి. గుంటూరు మిరప చేలకో, బెంగళూరు మేడల పనికో జనం కదిలిపోతారు. వాళ్లెప్పుడు వస్తారని అడిగితే ఇంటి దగ్గరున్న అవ్వ ఆకాశం వైపు చూస్తుంది. అదే మిలిటరీకి పోయిన మనవడి గురించి అడగండి. ‘ఎమ్మిగనూరు జాతరకు వస్తాడు నాయనా, రెండు నెల్లు ఉంటాడు’ అని తడుముకోకుండా చెబుతుంది. పోయినవాడు ఫలానా రోజుకి వస్తాడన్న మాట, ఈ నేలకు సైన్యం ఇచ్చిన మొదటి ఫలం అదేనేమో అనిపిస్తుంది.

వాడు ఉన్నదెక్కడో మాత్రం అవ్వకు తెలీదు. ఉత్తరం మీద ఊరి పేరుండదు. యూనిట్ పేరు, దాని కింద ‘కేరాఫ్ 56 ఏపీవో’. అది ఏ మంచు కొండల్లో ఉందో ఉత్తరం తెచ్చిన పోస్టుమ్యానూ చెప్పలేడు. ‘ఆ యాభైయారు ఊళ్లో చలి ఎట్లుంటాదో’ అని బెంగపడే తల్లులు ఉండేవారు.

పెట్టెలో ఏముంటాయంటే, సర్కారువారి సామాను సగం, అమ్మ సామాను సగం. వేరుశనగ బుడ్డల పొడి, కరకరలాడే ఎండు జొన్నరొట్టెలు, ఒక ఎమ్మిగనూరు దుప్పటి. మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టి ఆ ఊరి మగ్గానికి పేరు తెచ్చారు. ఎండల ఊళ్లో నేసిన నూలు దుప్పటి లేహ్ చలిని ఏం ఆపుతుంది? అయినా పైన మిలిటరీ రజాయి, లోపల అమ్మ దుప్పటి. పొడి డబ్బా మాత్రం వారం ఆగదు. పక్క మంచం సర్దార్జీకి ఆ రుచి తెలిసేదాకానే దాని ఆయుష్షు.

మాట సంగతి మరీ బాగుంటుంది. ఆదోని వీధుల్లో ఉర్దూ వింటూ పెరిగినవాడు, హిందీ వచ్చుకదా అన్న ధైర్యంతో పోతాడు. మొదటి రోజే లంగరు అనే మిలిటరీ వంటశాలలో రొట్టె వడ్డిస్తుంటే, వద్దనడానికి ‘నక్కో’ అంటాడు. బ్యారక్ అంతా నవ్వు. ఆ నవ్వినవాళ్లే, గఢ్వాలీ, మణిపురీ, బిహారీ, పదిహేనేళ్ల తరవాత పెళ్లి పత్రికలు పంపుతారు. తుంగభద్ర కాలవ దాటి ఎరగని ఇంటికి గోరఖ్‌పూర్ నుంచి శుభలేఖ రావడం చిన్న సంపాదనా?

తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరంలో ‘మిలిటరీ’ అని పిలిస్తే వీధి వీధంతా తిరిగి చూస్తుంది కాబోలు. మన పల్లెల్లో అలా కాదు. ఊరికి ఒకరో ఇద్దరో. అందుకే పేరుతో పని లేదు, ‘మిలిటరీ ఆయప్ప’ అంటే చాలు. గొడవొస్తే ఆయన్నే పిలుస్తారు. జెండా పండగకు ముందు వరసలో ఆయనకే కుర్చీ. క్యాంటీన్ కార్డు ఉంది గనక దూరపు చుట్టాలు కూడా దగ్గరవుతారు. ఎందుకో వివరించనక్కర్లేదు!

పదిహేనేళ్లు పూర్తిచేసిన సిపాయికి పింఛను ఉంది. 2003 నుంచి మాజీ సైనికుల ఆరోగ్య పథకమూ ఉంది. మొఖం చూపని మబ్బుల కోసం ఎదురుచూసీ చూసీ అలసిన ఇంట్లో, వానతో నిమిత్తం లేకుండా నెలనెలా డబ్బు రావడమంటే ఏమిటో మెట్ట రైతు బిడ్డకే తెలుస్తుంది. 2022 నుంచి అగ్నివీరులొచ్చారు, వారిలో ఎక్కువమంది నాలుగేళ్లకే తిరిగొస్తారు. ఆ లెక్కలు ఇంకోచోట మాట్లాడుకుందాం. తెల్లవారకముందే మైదానాల్లో పరుగులు మాత్రం ఆగలేదు. ఐదున్నర నిమిషాల్లో 1600 మీటర్లు, తొమ్మిదడుగుల గుంత మీదుగా దూకడం, బీమ్ పట్టుకుని పది పుల్ అప్‌లు. ఎంపిక కాని కుర్రాళ్లే ఎక్కువ. వాళ్లకూ నాలుగింటికి లేచే అలవాటైనా మిగులుతుంది.

అవ్వ చెప్పే తేదీ ప్రతిసారీ నిలబడదు. 1999 వేసవిలో కార్గిల్ వార్తల కోసం టీవీ ఉన్న ఇళ్ల ముందు ఊళ్లకు ఊళ్లే నిలబడ్డాయి. దేశంలో కొన్ని ఇళ్లకు పెట్టె ఒక్కటే తిరిగొచ్చింది. అక్కడ పింఛను కాగితం మీద వేలిముద్ర వేసే చేతికి ఈ లాభాల లెక్క చెప్పబోవడం మన వల్ల కాని పని.

ఎమ్మిగనూరు దగ్గరి పల్లెలో మనకు తెలిసిన మిలిటరీ ఆయప్ప ఒకరున్నారు. ఊళ్లోకొచ్చి చాలా ఏళ్లయినా, బీడీకట్ట కోసం అంగడికి పోవాలన్నా ఇస్త్రీ చొక్కా వేసుకోవాల్సిందే. ఏటా నవంబరులో బతికే ఉన్నానని బ్యాంకులో చెప్పి రావాలి కదా, ఆ రోజు మీసానికి రంగు కూడా పడుతుంది. ‘బతికుండానని చెప్పేదానికి ఇంత సింగారం యాలబ్బా’ అని ఆయన ఇంటావిడ నవ్వుతుంది. పెట్టె మంచం కింద ఉంది. మూత మీద నంబరు సగం చెరిగింది. అందులో ఇప్పుడు ముంగారు విత్తనానికి దాచిన బుడ్డలున్నాయి.